చీటీ ఇంగ్లీషులో, హెచ్చరిక తమిళంలో, రోగి తెలుగులో

కరోనా కాలం ముగిసిపోయిందనీ, ఇక ఆ మాట ఎత్తనవసరం లేదనీ పాలకులు అనుకొంటున్నారు. ప్రజలూ అలాగే అనుకొంటున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ఎత్తివేసింది అత్యవసర పరిస్థితిని మాత్రమే. వైరస్ మన మధ్యనే ఉంది. ఆ వైరస్‌కు తేలికగా చిక్కిన మధుమేహ రోగులు మన మధ్య అంతకంతకూ పెరుగుతున్నారు. దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహం ఉన్నదని, మరో 13 కోట్ల 60 లక్షల మంది ఆ గడప దగ్గరే నిలబడి ఉన్నారని భారత వైద్య పరిశోధనా మండలి, చెన్నైలోని మద్రాసు డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ కలిసి జరిపిన సర్వే 2023లో లెక్క తేల్చింది. కనుక 2020, 2021 సంవత్సరాల్లో ఈ రోగులకు ఎవరు, ఏ భాషలో, ఏమి చెప్పారు, ఎవరికి చెప్పకుండా వదిలేశారు అన్న లెక్క కూడా తేలవలసిందే. నేను అడుగుతున్నది తిరువాలంగాడు, తిరుత్తణి, పళ్ళిపట్టు ప్రాంతాల తెలుగువారి లెక్క.

ముందుగా వైద్యుల మాట. నేను న్యాయవాదిని, వైద్యుణ్ణి కాను. అయినా అచ్చయిన లెక్కలను చదవగలను. ఇంగ్లండులో 2020 మార్చి 1 నుండి మే 11 వరకు ఆసుపత్రుల్లో కరోనాతో మరణించిన 23,698 మందిలో మూడింట ఒకవంతు మధుమేహ రోగులే. వయసు, పేదరికం మొదలైన తేడాలను సరిచూసిన తరువాత కూడా రెండవ రకం మధుమేహం ఉన్నవారికి మరణాపాయం రెండింతలు, మొదటి రకం వారికి మూడున్నర రెట్లు అని తేలింది. ఇది భయపెట్టే లెక్క. ధైర్యం చెప్పే లెక్క కూడా ఒకటి ఉన్నది. చైనాలోని హుబేయి రాష్ట్రపు ఆసుపత్రుల్లో అదే సంవత్సరం జరిగిన పరిశీలనలో, రక్తంలో చక్కెరను 70 నుండి 180 మధ్య నిలుపుకొన్న రోగుల్లో మరణించినవారు నూటికి 1.1. అదుపు తప్పినవారిలో నూటికి 11. ఈ తేడాలో కొంత వయసుది, కొంత ఇతర జబ్బులది. వాటిని సరిచూసిన తరువాత కూడా తేడా నిలిచే ఉన్నది. అంటే మధుమేహం ఉన్నంత మాత్రాన చావు రాసిపెట్టి లేదు. అదుపు తప్పిన మధుమేహమే ప్రాణం తీసింది. అదుపు అన్నది రోగి తన చేతులతో, తన వంటింట్లో, తన మాత్రల డబ్బాతో చేసుకోవలసిన పని. ఆ పని ఎలా చేసుకోవాలో రోగికి అర్థమయ్యే మాటలో చెప్పాలి. నా వాదమంతా ఇక్కడే మొదలవుతుంది.

చక్కెర ఎక్కువకాలం పేరుకొన్న రక్తంలో తెల్లకణాల పోరాటశక్తి సన్నగిల్లుతుంది. రక్తనాళాల లోపలి పొర దెబ్బతిని, రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది. ఒళ్ళంతా సన్నని మంట రగులుతున్నట్టే ఉంటుంది. వైరస్ వచ్చి ఆ మంటను ఎగదోస్తుంది. జబ్బు తెచ్చిన ఒత్తిడికి చక్కెర ఇంకా పైకి ఎగబాకుతుంది. ఇది చాలదన్నట్టు, ఊపిరితిత్తులను కాపాడటానికి ఇచ్చే మందు కూడా చక్కెరను పెంచేదే. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ సంగతి అది. 2020 జూన్‌లో వెలువడిన ఇంగ్లండు 'రికవరీ' పరీక్ష ఫలితాల ప్రకారం వెంటిలేటర్ మీద ఉన్నవారి మరణాలను అది మూడోవంతు, ఆక్సిజన్ మీద ఉన్నవారి మరణాలను అయిదోవంతు తగ్గించింది. ఆక్సిజన్ అవసరం లేనివారికి ఏ మేలూ చేయలేదు. ఆ పరీక్షలో వాడింది రోజుకు 6 మిల్లీగ్రాములు, పదిరోజులకు మించకుండా. మధుమేహ రోగికి ఈ మందు ఇచ్చినప్పుడు దానితోపాటు ఇవ్వవలసిన మాటలు ఉన్నాయి: ఎన్నిరోజులు వేసుకోవాలి, ఎప్పుడు ఆపాలి, చక్కెర ఎన్నిసార్లు చూసుకోవాలి, ఎంత దాటితే పరుగెత్తుకొని రావాలి. మందు ఇచ్చి మాట ఇవ్వకపోతే ఏమవుతుందో 2021 మే నెల చూపించింది.

నల్ల బూజు అన్నారు దాన్ని. ఆ నెల 20న తమిళనాడు ప్రభుత్వం దాన్ని తప్పనిసరిగా తెలియజేయవలసిన వ్యాధుల్లో చేర్చింది. జూన్ చివరికి కేంద్ర ఆరోగ్య మంత్రి చెప్పిన లెక్క ప్రకారం దేశంలో 40,845 మందికి సోకింది, 3,129 మంది మరణించారు. సోకినవారిలో నూటికి 64 మంది మధుమేహ రోగులు. నూటికి 52కు పైగా స్టెరాయిడ్లు వాడినవారు. యాంఫోటెరిసిన్ మందు కోసం దేశమంతా వెతుకులాడిన రోజులవి. ముక్కులో నల్లని పక్కు, చెంపలో నొప్పి, కన్ను వాచడం, చూపు మసకబారడం — ఈ నాలుగు గుర్తులు తెలిసినవారు మొదటిరోజే ఆసుపత్రికి వెళ్ళారు. తెలియనివారు పదోరోజున వెళ్ళారు. ఆ తొమ్మిది రోజుల తేడాలో కళ్ళు పోయాయి, ప్రాణాలు పోయాయి.

మా ప్రాంతంలో ఈ గుర్తులను ప్రచారం చేయలేదని నేను అనడం లేదు. చేశారు. గోడల మీద అంటించారు, ఆటోలకు మైకులు కట్టి తిప్పారు. ఆ సిబ్బంది ప్రాణాలకు తెగించి పనిచేశారు, వారికి దండం పెడతాను. నేను చూసిన ప్రతి కాగితం, విన్న ప్రతి మైకు తమిళంలోనే ఉన్నది. అదీ బజారు తమిళం కాదు, కార్యాలయపు శుద్ధ తమిళం. మధుమేహం అక్కడ 'నీరిళివు'. మా ఊళ్ళ తెలుగువాళ్ళు చక్కెర జబ్బు అంటారు, ఎక్కువమంది 'షుగరు' అంటారు. ఆయాసం అక్కడ 'మూచ్చుత్ తిణఱల్'. దాన్ని మూర్ఛ అనుకొని, మాకు మూర్ఛలు లేవుగదా అని తలుపు వేసుకొన్న ఇంటిని నేనెరుగుదును. నల్ల బూజు అక్కడ 'కరుప్పు పూంజై'. బూజు అంటే తెలియని తెలుగు ఇల్లాలు ఉంటుందా? పచ్చడి జాడీ మూత తీసిన ప్రతిసారీ చూసేదే గదా! ఒక్క మాట మార్చితే చాలు, ప్రతి వంటింటికీ అందేది. ఆ ఒక్క మాట మార్చడానికి ఏ ఆర్థిక శాఖ అనుమతి కావలసి వచ్చింది?

"తమిళనాట పుట్టి పెరిగినవారికి తమిళం రాదా?" అని వెంటనే అడుగుతారు. ఈ ప్రశ్నకు జవాబు చరిత్రలో ఉన్నది. తిరుత్తణి తాలూకా 1911 నుండి చిత్తూరు జిల్లాలో ఉండేది, 1953 తరువాత ఆంధ్రలో ఉండేది. పటాస్కర్ తీర్పు, దాన్ని అనుసరించి వచ్చిన 1959 సరిహద్దుల మార్పు చట్టం ప్రకారం 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలిసింది. ఆనాటికి తెలుగు బడిలో అయిదో తరగతి చదువుతున్న పదేళ్ళ పిల్ల 2021లో ఎంత వయసుది? డెబ్బయి ఒకటేళ్ళది. కరోనా ఎవరిని ఎక్కువగా మింగింది? అరవై అయిదు దాటినవారిని, అందులోనూ మధుమేహం ఉన్నవారిని. లెక్క వేసి చూడండి. తెలుగు తప్ప మరో అక్షరం చదవలేని తరం, ఈ జబ్బుకు అన్నిటికంటె అనువుగా చిక్కిన తరం ఒక్కటే! సరిహద్దు గీత మారినప్పుడు ఆ పిల్ల ఇల్లు మారలేదు, బడి మాత్రం మారింది. ఆడపిల్ల కనుక చాలాచోట్ల చదువే ఆగిపోయింది. ఆమెకు అంగట్లో బేరమాడే తమిళం వచ్చు, బస్సులో చోటు అడిగే తమిళం వచ్చు. మందు మోతాదు తగ్గించే తమిళం రాదు.

నా సొంత ఇంటి మాట ఒకటి చెప్పక తప్పదు. మా పెద్దమ్మ ఆ తరం మనిషి. పదిహేనేళ్ళుగా షుగరు. 2021 మే నెలలో కరోనా సోకి, ప్రాణవాయువు పడిపోయి, ఒక ప్రయివేటు ఆసుపత్రిలో చేరింది. పేరు చెప్పను, అవసరం లేదు. ఆ నెలలో ఏ ఆసుపత్రికి పోయినా ఇదే జరిగి ఉండేది. ఎనిమిదో రోజున ఇంటికి పంపించారు. చేతిలో స్టెరాయిడ్ మాత్రలు, ఒక చీటీ. మాత్రలను మూడురోజులకొకసారి సగానికి తగ్గించుకొంటూ రావాలనీ, రోజుకు నాలుగుసార్లు చక్కెర చూసుకోవాలనీ, 250 దాటితే ఫోను చేయాలనీ ఆ చీటీలో ఇంగ్లీషులో ఉన్నది. నర్సమ్మ తమిళంలో గబగబా చెప్పింది. పెద్దమ్మ తల ఊపింది. కొడుకు బెంగుళూరులో చిక్కుకుపోయి ఉన్నాడు. మాత్ర వేసుకొంటే ఆయాసం తగ్గుతున్నది కనుక మంచి మందే అనుకొని, ఉన్నవి అయిపోతే మందుల అంగట్లో మళ్ళీ తెప్పించుకొన్నది. చక్కెర చూసుకోలేదు. మూడోవారంలో చెంప నొప్పి, ఆ తరువాత ముక్కులో నల్లని పక్కు. పన్నునొప్పి అనుకొని లవంగం పెట్టుకొన్నది. చెన్నైకి తీసుకుపోయే వేళకు కన్ను వాలిపోయి ఉన్నది. ప్రాణం దక్కింది. కుడికన్ను దక్కలేదు.

తరువాత నేను ఆ కాగితాలన్నీ తెప్పించి చూశాను, వృత్తిరీత్యా వచ్చిన అలవాటు. చేరేటప్పుడు పెట్టిన అంగీకార పత్రం ఇంగ్లీషులో ఉన్నది. వివరాలన్నీ నాకు అర్థమయ్యే భాషలో చెప్పారు, నేను అర్థం చేసుకొన్నాను అన్న వాక్యం కింద మా పెద్దమ్మ సంతకం. ఆ సంతకం తెలుగులో ఉన్నది! దాన్ని చూసిన వారిలో ఒక్కరికైనా, ఈమెకు ఏ భాష అర్థమవుతుందో అన్న అనుమానం రాలేదు. "ఆ మాట ఎవురన్నా తెనుగులో చెప్పుంటే నేను ఇనకుండా ఉంటానా అప్పా?" అని అడిగింది పెద్దమ్మ. ఆ నర్సమ్మను నేను తప్పుపట్టను. ఒక్కతే నలభై మంచాలు చూసుకొంటున్నది. ఆమె చేతికి తెలుగులో అచ్చయిన ఒక కాగితం ఇవ్వని వ్యవస్థను తప్పుపడతాను.

అంగీకారం అంటే సంతకం కాదని సుప్రీంకోర్టు 2008లోనే సమీరా కోహ్లీ కేసులో తేల్చింది. రోగి నిర్ణయించుకోవడానికి చాలినంత సమాచారం ఇచ్చిన తరువాత వచ్చేదే అంగీకారం. జాతీయ మానవహక్కుల కమిషన్ 2018లో తయారుచేసిన రోగుల హక్కుల పత్రం ఇంకా స్పష్టంగా, రోగికి తెలిసిన భాషలో చెప్పాలన్నది. భారతదేశం 1979లో చేరిన ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కుల అంతర్జాతీయ ఒడంబడికకు ఐక్యరాజ్యసమితి సంఘం 2000లో వ్రాసిన వ్యాఖ్య, ఆరోగ్య సమాచారాన్ని పొందడం ఆరోగ్యహక్కులో భాగమే అన్నది. ఇవన్నీ ఘనమైన మాటలు. మనకు కావలసినది వీటన్నిటికంటె చిన్న మాట, అరవై ఏళ్ళకు పైగా కాగితం మీద ఉన్న మాట. 1956 కేంద్ర హోంశాఖ మెమొరాండం మొదలుకొని 1961 ముఖ్యమంత్రుల సమావేశం వరకు భాషా అల్పసంఖ్యాకులకు ఏర్పరచిన రక్షణల పథకంలో ఉన్నది: జిల్లాలో గాని, అంతకంటె చిన్న ప్రాంతంలో గాని జనాభాలో నూటికి 15 మంది మాట్లాడే భాషలోకి ముఖ్యమైన నియమాలను, ప్రకటనలను అనువదించి ప్రచురించాలి. భాషలవారీ జనగణన పట్టికలు ప్రభుత్వం చేతిలోనే ఉన్నాయి. తిరుత్తణి, పళ్ళిపట్టు తాలూకాల పట్టికలను తెరిచి ఈ కొలతతో కొలవడానికి జిల్లా యంత్రాంగానికి ఒక పూట చాలు. ప్రాణాంతకమైన జబ్బు గుర్తులు 'ముఖ్యమైన ప్రకటన' కాకపోతే మరేది ముఖ్యమైన ప్రకటన? భూమి వేలమా?

ఇంకొక సంగతి. 2020లో తమిళనాడు ప్రభుత్వం 1939 నాటి ప్రజారోగ్య చట్టాన్ని సవరించి, మాస్కు లేకపోతే 200 రూపాయల జరిమానా వేసింది. ప్రజలకు తెలియజేయని శాసనాన్ని ప్రజలపై అమలుచేయడం సహజన్యాయానికి విరుద్ధమని 1951లో హర్లా కేసులో సుప్రీంకోర్టు అన్నది. జైపూరు సంస్థానపు నల్లమందు చట్టం మీద వచ్చిన తీర్పు అది. న్యాయశాస్త్రం చదివిన ప్రతివారికీ తెలుసు. గెజిట్లో అచ్చువేస్తే తెలియజేసినట్టేనని ప్రభుత్వ న్యాయవాదులు అంటారు. న్యాయస్థానంలో ఆ జవాబు నిలుస్తుంది, ఒప్పుకొంటాను. వైరస్ దగ్గర నిలవదు. వైరస్ గెజిట్ చదవదు.

టీకా దగ్గర కూడా ఇదే కథ. 2021 మార్చి 1 నుండి 45 దాటిన దీర్ఘరోగులకు టీకా తెరిచారు. మధుమేహం పదేళ్ళకు పైబడి గాని, ఇతర అవయవాలను దెబ్బతీసి గాని ఉండాలి. దానితోపాటు రక్తపోటుకు చికిత్స పొందుతూ ఉండాలి. డాక్టరు ధ్రువపత్రం తేవాలి. ఈ మెలికలన్నీ విప్పిచెప్పేవారు ఎవరు? కోవిన్ తెలుగు మొదలైన భారతీయ భాషల్లోకి వచ్చింది ఆ ఏడు జూన్ నాటికి. అప్పటికి రెండో అల చాలా ఇళ్ళను ముంచి పోయింది.

మంచి సమాచారం తెలుగులో రాని చోటికి తెలుగులో వచ్చిందేమిటో చూడండి. మా ఊళ్ళలో ఇంటింటా తెలుగు టీవీలే. హైదరాబాదు, విజయవాడ వార్తలు రాత్రింబవళ్ళు మోగాయి. అక్కడి ఆసుపత్రుల పడకల లెక్క, అక్కడి సహాయ కేంద్రాల నంబర్లు. తిరువాలంగాడు రోగికి వాటితో పనేమిటి? 2021 మే నెల మూడోవారంలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య మందు కోసం వేలాదిమంది తోసుకొన్న దృశ్యం మాత్రం ప్రతి ఇంటికీ చేరింది. కరోనాను నయం చేస్తుందనడానికి ఏ ఆధారమూ తేలని మందు అది. నమ్మినవారిని ఎగతాళి చేయడం నాకు ఇష్టం లేదు. ప్రభుత్వ వైద్యం పరభాషలో మాట్లాడుతూ ఉంటే, నాటుమందు అమ్మనుడిలో మాట్లాడింది. మనిషి ఎవరి మాట వింటాడు?

మరొకవైపు, అంతకుముందు మా రోగులకు ఉన్న దారి కూడా మూసుకుపోయింది. నగరి, పుత్తూరు, చిత్తూరు డాక్టర్ల దగ్గర షుగరు చూపించుకొని రావడం మా వైపు తరతరాల అలవాటు. చదువుకోని మనిషి తన బాధను తన మాటలో చెప్పుకోగలిగిన చోటు అది. లాక్‌డౌన్‌లో పొన్పాడి దగ్గర ఆపేశారు. పక్క వేలూరు జిల్లాలోనైతే 2020 ఏప్రిల్‌లో చిత్తూరు సరిహద్దు రోడ్లకు అడ్డంగా ఏకంగా గోడలే కట్టారు. అందరూ దుమ్మెత్తిపోసిన తరువాత కూల్చారు. గోడ కూలింది గాని, నెలల తరబడి చక్కెర పరీక్ష లేకుండా గడిపిన రోగి ఒంట్లో జరిగిన నష్టం కూలుతుందా? అలవాటైన డాక్టరును దూరం చేసినప్పుడు, ఇవతల ఉన్న డాక్టరు నోట నాలుగు తెలుగు మాటలు పెట్టవలసిన బాధ్యత ఎవరిది?

తమిళం మీద నాకు కోపం లేదు. నేను వాదించేది తమిళంలో, నా పిల్లలు చదివేది తమిళం. తమ భాషను ఇంతగా ప్రేమించే జాతిని చూసి మనవాళ్ళు నేర్చుకోవలసినది చాలా ఉన్నది. అందుకే వారినే అడుగుతున్నాను. సింగపూరులో ఇంటిలో ప్రధానంగా తమిళం మాట్లాడేవారు 2020 జనగణన ప్రకారం నూటికి రెండున్నర మంది. అక్కడ తమిళం అధికార భాషల్లో ఒకటి; కరోనా హెచ్చరికలు తమిళంలోనూ వచ్చాయి. చదివి గర్వించాం, మనందరం. తమిళనాట తెలుగు మాట్లాడేవారు 2011 జనగణన ప్రకారం 42 లక్షలకు పైగా, నూటికి 5.87 మంది. అధికార భాష చేయమని మేము అడగడం లేదు. జబ్బు గుర్తులు చెప్పమంటున్నాం. ఇంగ్లండులో ఒక స్వచ్ఛంద వైద్య సంస్థ అక్కడి ప్రభుత్వ సూచనలను అరవైకి పైగా భాషల్లోకి మార్చి పంచింది. సముద్రాలు దాటి వచ్చినవారికి చేసినదాన్ని, కదలకుండా ఉన్నచోటనే ఉన్నవారికి చేయలేమా?

మా తిరువాలంగాడు పేరు చెప్పగానే చరిత్రకారులకు గుర్తుకువచ్చేది రాజేంద్రచోళుని రాగిరేకులు. 1905లో దొరికాయి. వంశప్రశస్తి సంస్కృతంలో ఉన్నది, పళైయనూరును గుడికి దానం చేసిన వివరం తమిళంలో ఉన్నది. పొగడ్త పండితులకోసం, పొలిమేరల వివరం ఆ పొలిమేరల మధ్య బ్రతికేవారికోసం. ఎవరికి ఏ భాష అర్థమవుతుందో వెయ్యేళ్ళ కిందటి రాజుకు తెలిసినంత మాత్రం, ఇంటింటి వివరాలు కంప్యూటర్లలో పెట్టుకొన్న నేటి ప్రభుత్వానికి తెలియదా? (అదే ఊళ్ళో తిరుత్తణి సహకార చక్కెర మిల్లు కూడా ఉన్నది. చెరకు పండించి, చక్కెర వండి, చక్కెర జబ్బుతో కళ్ళు పోగొట్టుకొనే ఊరు మాది.)

తెలుగువారి సంగతి కూడా చెప్పనీయండి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు అచ్చువేసుకొన్న కరోనా, మధుమేహ కరపత్రాల ప్రతులను పొరుగు రాష్ట్రాల తెలుగు ఊళ్ళకు పంపడానికి ఎంత ఖర్చయ్యేది? అడిగే నాథుడు లేడు కనుక పంపలేదు. ఇక్కడి మన సంఘాలేమో ఉగాదికి పచ్చడి పంచి, అవధానం పెట్టించి, సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టిన తిరుత్తణి మాది అని మురిసిపోయి ఇళ్ళకు పోతాయి. పద్యం వద్దని నేననను. పద్యం వినవలసిన అవ్వ బ్రతికి ఉండాలి గదా! 2006 నిర్బంధ తమిళ చట్టం మీద బడులకోసం కోర్టులు ఎక్కాం, ఎక్కవలసిందే. ఆసుపత్రికోసం ఒక్క వినతిపత్రం అయినా ఇచ్చామా? భాషాహక్కు అంటే బడి, పాఠ్యపుస్తకం అని మాత్రమే అనుకొన్నంతకాలం, ముసలివారు మన ఉద్యమంలో సభలకు కుర్చీలు నింపేవారుగానే మిగిలిపోతారు.

తెలుగు చదవడం రాని తెలుగువారు ఉన్నారన్నది కూడా మరవకూడదు. అరవై లోపువారిలో ఎక్కువమంది అంతే. చెన్నై నగరంలో, చుట్టుపట్ల పట్టణాల్లో తెల్లవారుజామున వీధులూడ్చిన పారిశుధ్య కార్మికుల్లో తెలుగు మాట్లాడే దళితులు ఎంతమంది! కరోనా కాలంలో ఆ చెత్తబండ్లు ఒక్కరోజు ఆగలేదు. వారికి తెలుగు చెవికి తెలుసు, కంటికి తెలియదు. కాబట్టి గోడమీది కాగితం ఒక్కటే చాలదు. మైకులో తెలుగు వినిపించాలి, నర్సమ్మ నోట నాలుగు వాక్యాలు రావాలి.

ఇది కష్టమైన పని కాదు. 2021 ఆగస్టు 5న స్టాలిన్ ప్రభుత్వం రక్తపోటు, మధుమేహం మందులను ఇంటి గడపకే తెచ్చి ఇచ్చే 'మక్కళై తేడి మరుత్తువం' పథకాన్ని ప్రారంభించింది. మంచి పథకం, 2024లో ఐక్యరాజ్యసమితి పురస్కారం కూడా అందుకొన్నది. దాన్ని ప్రారంభించిన ఊరు కృష్ణగిరి జిల్లా సామనపల్లి. ఊరి పేరులోనే పల్లి ఉన్నది! 'ప్రజలను వెదుక్కొంటూ వైద్యం' అని ఆ పథకం పేరుకు అర్థం. వైద్యం ప్రజల ఇంటిదాకా వెదుక్కొంటూ వచ్చి, గడపలో నిలబడి, వారి భాష తెలియక వెనుదిరగకూడదు. పథకాలు ఏ పేరుతో నడిచినా, తెలుగు ఊళ్ళకు తెలుగు వచ్చిన ఆరోగ్య కార్యకర్తలను వేయండి. ఆ ఊళ్ళలోనే దొరుకుతారు. 2022 జనవరిలో తిరువళ్ళూరు ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమయింది. అక్కడ చదివే పిల్లలకు తెలుగులో వంద మాటలు నేర్పించండి. అంగీకార పత్రాలను, ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే చీటీలను తమిళం, ఇంగ్లీషులతోపాటు తెలుగులోనూ అచ్చువేయించండి.

రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం ఏ అధికారికైనా దేశంలోగాని రాష్ట్రంలోగాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీ పెట్టుకోవచ్చు. కనుక ఈ అర్జీని తెలుగులోనే వ్రాశాను. తిరువాలంగాడు, తిరుత్తణి, పళ్ళిపట్టు, ఆర్.కె. పేట ప్రాంతాల ప్రతి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలోనూ తగిలించమని కోరుతున్న పలక మీది మాటలు ఇవి. మోతాదులు చెప్పడం వైద్యుల పని కనుక వాటి జోలికి పోలేదు:

"చక్కెర జబ్బు ఉన్నవారికి జ్వరం, దగ్గు వస్తే ఆలస్యం చేయకుండా పరీక్ష చేయించుకోండి. షుగరు మాత్రలను, ఇన్సులిన్‌ను డాక్టరును అడగకుండా ఆపవద్దు. రోజూ షుగరు చూసుకోండి. ఆయాసం తెలియకపోయినా, వేలికి పెట్టే మీటరులో 94 కంటె తగ్గితే వెంటనే రండి. స్టెరాయిడ్ మాత్రలు ఇస్తే, ఎన్నిరోజులు, ఎప్పుడు తగ్గించాలి అని అడిగి వ్రాయించుకోండి. మందుల అంగట్లో మళ్ళీ సొంతంగా కొనవద్దు. ముక్కులో నల్లని పక్కు, చెంప నొప్పి, కన్ను వాపు, చూపు మసక — ఇవి నల్ల బూజు గుర్తులు. ఒక్కరోజు కూడా ఆగవద్దు. బండి కోసం 108. మీకు తెలుగులో చెప్పమని అడగండి."

తిరువళ్ళూరు కలెక్టరు కార్యాలయంలో సోమవారం నాడు జరిగే ప్రజా విన్నపాల దినాన ఈ అర్జీని ఇస్తాను. సంతకాలు చేయదలచినవారు ఈ నెలాఖరులోపు మీ ఊరి ప్రతులను పంపండి. తమిళం వచ్చినవారు కూడా సంతకం తెలుగులోనే పెట్టండి.